బస్సు వెనక వెర్లీన్ పరుగు

తను చచ్చిపోయిన సంగతి వెర్లీన్ టకెట్‌కు రేడియోలో తెలిసింది. అప్పుడామె శవాలను ముస్తాబు చేసి పెట్టెలో పెట్టే లోవెల్ సోదరుల దుకాణం వెనక గదిలో, ముసలి ఐడా ఓగ్‌బర్న్ జుట్టుకు రోలర్లు చుడుతోంది. ఐడా కూడా చచ్చిపోయిందే, కాకపోతే నిజంగా. క్రాబ్ ఫోర్క్‌లో బతికున్న ఆడవాళ్లందరి జుట్టూ వెర్లీన్ చేతుల మీదుగానే వెళ్లేది కనుక, పోయినవాళ్లకు చివరిసారి చేసే పని కూడా ఆమెకే వచ్చింది. పోయినవాళ్లే నయం అనేది ఆమె. మెడ అటూ ఇటూ తిప్పరు, కోడళ్ల మీద చాడీలు చెప్పరు, పనయ్యాక అద్దం అడగరు.

కిటికీ గట్టు మీద రేడియో మోగుతోంది. పాట ఆమెకు కొత్తది కాదు, ఎనిమిదేళ్ల నుంచి నెత్తిన కూర్చున్నదే. ఈసారి పాడుతున్న గొంతు కొత్తది, వెనక వయొలిన్లు కొత్తవి. చివర ఒక చరణం కూడా కొత్తది. అందులో, వెళ్లిపోతున్న ప్రియుడి బస్సు వెనక పరిగెత్తిన పిల్ల కాలు జారి చక్రాల కింద పడింది. నీలం గౌను ఎర్రబడింది. ఆపైన దేవదూతలు దిగారు.

వెర్లీన్ చేతిలో దువ్వెన ఆగింది.

"విన్నావా ఐడా, నన్ను కూడా లేపేశారు," అంది శవంతో.

ఆ పాటలోని పిల్ల ఆమే. ఆ సంగతి కెంటకీ కొండల్లో ఆ మూలనున్న ప్రతివాడికీ తెలుసు. ఆ పిల్ల ఎందుకు పరిగెత్తిందో మాత్రం వెర్లీన్‌కూ, ఆమె మొగుడు హోబర్ట్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పినా ఎవరూ నమ్మలేదు కనుక తెలియనట్టే లెక్క.

జరిగింది ఇది. అరవై ఎనిమిది వేసవిలో ఆమె ఇంకా వెర్లీన్ ఫుగేట్. హజార్డ్ పట్నంలో జుట్టు పని నేర్పే బడిలో సీటు దొరికి, లోకంలో తనంత అదృష్టవంతురాలు లేదన్నట్టు తిరుగుతోంది. డెల్మర్ స్ప్రాడ్లిన్ అనే కుర్రాడు ఆమె పక్కన తిరుగుతున్నాడు. పొడుగు కాళ్లు, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, భుజాన గిటారు. గిటారు బాగానే వాయించేవాడు. ఇంకే పనిలో పెట్టినా మధ్యాహ్నం దాకా నిలిచేవాడు కాదు. రంపపు మిల్లువాళ్లు అతన్ని పొద్దున చేర్చుకుని, భోజనం పెట్టి మరీ పంపించేశారు. దాంతో తన జాతకంలో పాటల ఊరు నాష్‌విల్ ఉందని డెల్మర్‌కు అర్థమైపోయింది. అక్కడికి వెళ్లి పాటలు రాస్తానన్నాడు. వెర్లీన్‌ను రమ్మనలేదు. ఆమె వస్తాననలేదు. బస్సు దగ్గర దించడానికి డెల్మర్ వాళ్లమ్మ ససేమిరా అనడంతో, సరే నేను దింపుతాలే అంది వెర్లీన్.

నాన్న పికప్ ట్రక్ తీసుకుని వెళ్లారు. ఆర్లిస్ ఫుగేట్‌కు పెళ్లాం, ఐదుగురు పిల్లలు, ఆ ట్రక్ ఉండేవి. ఆయన ప్రేమ ఈ వరసలో చివరి నుంచి మొదటికి వచ్చేది. సాయంత్రం గనిలో షిఫ్టుకు అది కావాలి, జాగ్రత్తగా తెచ్చి గుమ్మం ముందు పెట్టమని మరీ మరీ చెప్పి పంపాడు. డెల్మర్ నేనే నడుపుతానన్నాడు. మగవాడు పక్కన కూర్చుంటే ఊళ్లో చులకనైపోతాడట. డిపో ముందు ఆపాడు, అలవాటుగా తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు, వెర్లీన్‌ను కావలించుకున్నాడు, బస్సెక్కాడు. బస్సు కదిలింది. చెయ్యి ఊపి ట్రక్ దగ్గరికి వచ్చి చూసుకుంటే తాళాలు లేవు.

ఇక పరిగెత్తింది. కొత్త బూట్లు కరుస్తుంటే వాటిని తన్ని పారేసి మరీ పరిగెత్తింది. రెండు చేతులూ గాల్లోకి విసిరి, నోరు చెవుల దాకా తెరిచి "కీస్! కీస్!" అని తాళాల కోసం అరిచింది. వెనక అద్దం దగ్గర కూర్చున్న డెల్మర్‌కు ఇంజను రొదలో ఏమీ వినబడలేదు. దుమ్ములో పెదవులు మాత్రం కనబడ్డాయి. ప్లీజ్, ప్లీజ్ అంటోందనుకున్నాడు. అరచెయ్యి అద్దానికి ఆనించి తనూ ఏడ్చాడు. బస్సు మలుపు తిరిగిపోయింది.

వెర్లీన్ కుంటుకుంటూ డిపో పక్కనున్న పెట్రోలు బంకుకు వచ్చింది. అక్కడ హోబర్ట్ టకెట్ అని ఒక మెకానిక్ ఉండేవాడు. అతను మాట్లాడడం ఊళ్లో చాలామంది వినలేదు. ఆమె చెప్పిందంతా తలొంచుకుని విన్నాడు, ట్రక్‌లో దూరి కింద నుంచి వైర్లు పీకి ఒకదానికొకటి తాకించాడు. ఇంజను అందుకుంది. ఏదో తప్పు చేసినవాడిలా ఎర్రబడి పక్కకు జరిగాడు.

ఆర్లిస్ కొత్త తాళం వేయించడానికి తీరిక చేసుకునే లోపల వేసవి గడిచిపోయింది. అంతదాకా ఆ ట్రక్ ఎక్కడ ఆగితే అక్కడికి హోబర్ట్ రావలసి వచ్చేది. చర్చి ముందు, కిరాణా కొట్టు ముందు, హజార్డ్‌లో బడి ముందు. తాళం వేయించే నాటికి ఇద్దరికీ అలవాటైపోయింది. మరుసటి వసంతంలో పెళ్లి చేసుకున్నారు.

వాళ్ల మొదటి పిల్ల అడుగులు వేస్తున్న రోజుల్లో రస్టీ కింబ్రో అనే గాయకుడి గొంతులో పాట వచ్చింది. రాసింది డెల్మర్ స్ప్రాడ్లిన్. బంకులో రేడియో విన్న హోబర్ట్ ఇంటికొచ్చి, అందులో ఎవరో అచ్చం నీలాగే పరిగెడుతున్నారు అన్నాడు. మర్నాడు వెర్లీన్ వెళ్లి కూర్చుని విన్నది. డిపో ఉంది, దుమ్ముంది, నీలం గౌనుంది.

*అద్దం అవతల నీ పెదవి ప్లీజ్ ప్లీజ్ అంటుంటే*
*ఆగని బస్సులో నేనొక రాయినై కూర్చున్నాను*

ఇంకాస్త ముందుకు పోతే ఇంకా ఘోరం. ఆ పిల్ల అతనికి తెలియకుండా తన గుమ్మం తాళంచెవి అతని జేబులో వేసిందట, ఎప్పటికైనా ఆ తలుపు తెరుచుకుని రమ్మని. మా నాన్న ట్రక్ తాళంరా సన్నాసీ అని వెర్లీన్ రేడియోను తిట్టింది. రేడియో పాడుకుంటూ పోయింది.

ఊరు మాత్రం పాట పక్షం చేరింది. వెర్లీన్ డ్రయ్యర్ కింద కూర్చున్న ప్రతి ఆడమనిషికీ నిజం చెప్పింది. వాళ్లు తల ఊపారు, జ్వరంలో మాట్లాడేవాళ్లకు ఊపినట్టు. ఏ ఊరివాళ్లమ్మా అని ఎవరైనా అడిగితే, ప్రేమ కోసం బస్సు వెనక పరిగెత్తిన పిల్లది మా ఊరే అని చెప్పుకోవడం బాగుంటుంది. ట్రక్ తాళాల కోసం పరిగెత్తిన పిల్లది అని ఏ మొహంతో చెప్పుకుంటారు? పాస్టరు గారి భార్య చర్చి మెట్ల మీద హోబర్ట్ భుజం తట్టి, నీది గొప్ప మనసు నాయనా అంది. అత్తగారైతే ఒక థాంక్స్‌గివింగ్ భోజనమంతా వెర్లీన్ వైపు చూడకుండా తిన్నది. చిలగడదుంపలు కావలసి వచ్చినా హోబర్ట్‌నే అడిగింది.

అన్నిటికన్నా ఒళ్లు మండించేది హోబర్టే. కార్ల కింద పడుకుని ఆ పాటే కూనిరాగం తీసేవాడు.

"నీకు సిగ్గనిపించదా?" అని ఒకరోజు అడిగింది.

కారు కింద నుంచి జవాబు వచ్చింది. "ట్యూన్ బాగుంది మరి."

వయొలిన్లతో ఆమెను చంపినప్పుడు ఒహాయోలోని మేనత్త డయంతా ఏడుస్తూ ఫోన్ చేసింది. "నువ్వు ఉన్నావా తల్లీ?" అంటే, "ఉన్నానత్తా, ఇప్పుడే కాఫీ తాగాను," అంది వెర్లీన్. మేనత్తకు సంతోషంతో పాటు కాస్త ఆశాభంగం కూడా అయినట్టు గొంతులో తెలిసింది. అప్పటికే తన చర్చిలో ప్రార్థన చేయించేసిందట.

తర్వాత ఓపల్ రే డెంటన్ అనే ఆవిడ పాడింది. ఆవిడ ఆడగొంతులో ఆ పిల్ల పరిగెత్తదు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది, బస్సులో వాడే వెనక్కి తిరిగి ప్లీజ్ ప్లీజ్ అంటాడు. వెర్లీన్ సెలూన్‌లో ఆ పాట వస్తే డ్రయ్యర్లు ఆపించేవాళ్లు. అది విని విని ఇద్దరు ఆడవాళ్లు మొగుళ్లను వదిలేశారు. ఒకావిడ వారంలో తిరిగి వచ్చేసింది, టీవీ అక్కడే ఉండిపోయిందని. వెర్లీన్‌కు ఓపల్ గొంతు నచ్చింది. ఇంత తెలివిగల మనిషికి కూడా తాళాల సంగతి తట్టలేదే అని మాత్రం బాధపడింది.

ఆపైన ఆ పాట జులాబు మందు ప్రకటనలోకి వెళ్లింది. బాత్రూమ్ తలుపు ముందు ఒక ముసలాయన నిలబడి కళ్లు మూసుకుని ప్లీజ్, ప్లీజ్ అంటుంటాడు. మొదటిసారి చూసినప్పుడు వెర్లీన్ నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్లలో ఈ పాటను మనసు పెట్టి పాడినవాడు వీడొక్కడే అంది.

కొత్త శతాబ్దం వచ్చాక కేడ్ మెర్సర్ అనే కుర్రాడు డ్రమ్ములు పెట్టి అరిచాడు. బస్సు పోయి పెద్ద టైర్ల ట్రక్ వచ్చింది, డిపో పోయి నది ఒడ్డు వచ్చింది, నీలం గౌను కురచై కురచై నిక్కరైంది. వెర్లీన్ మనవరాలు దానికి స్కూల్లో డాన్సు చేసింది. అది మీ అమ్మమ్మ పాట అని ఎవరో చెబితే ఆ పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఈలోగా గనులు మూతపడ్డాయి. క్రాబ్ ఫోర్క్‌లో కొండలు, ఖాళీ కొట్లు, ఈ పాట మిగిలాయి. మేయర్ ట్రావిస్ నేపియర్ పాటనే తవ్వుదామన్నాడు. బస్సు పిల్ల పండుగ అని ప్రకటించాడు. పాత డిపో గోడకు ఇత్తడి పలక, మొహం పెట్టి ఫొటో దిగడానికి కన్నం చేసిన చెక్క బొమ్మ, వీధి పొడుగునా వేయించిన పిండివంటలు. డెల్మర్ స్ప్రాడ్లిన్‌ను పిలిపించి పాడిస్తున్నామన్నాడు. అంతా చెప్పి, సెలూన్ కుర్చీలో సర్దుకుని కూర్చుని అసలు మాట బయటపెట్టాడు.

"వెర్లీన్ గారూ, మీరు ఒక్కసారి బస్సు వెనక పరిగెత్తితే చాలు. మెల్లగానే నడిపిస్తాం."

"రెండు మోకాళ్లూ మార్పించుకున్నాను ట్రావిస్. డాక్టరు చెయ్యొచ్చన్న వాటిలో బస్సుల వెనక పరిగెత్తడం లేదు."

"పోనీ నడవండి. చెయ్యి చాపుతూ."

"మెడ నిటారుగా పెట్టు, చెవి తెగుతుంది," అంది వెర్లీన్. అతను నోరు మూసుకున్నాడు. చివరికి పరిగెత్తడానికి హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టు నుంచి ఒక అమ్మాయిని మాట్లాడుకున్నారు.

డెల్మర్ పండుగకు ముందురోజు మధ్యాహ్నం నేరుగా వెర్లీన్ ఇంటికి వచ్చాడు. హోబర్ట్ తలుపు తీశాడు. ఎవరో గుర్తుపట్టి, బీన్స్ ఉన్నాయి అన్నాడు. డెల్మర్ లోపలికి వచ్చి కూర్చుని, ఉడికించిన బీన్స్, మొక్కజొన్న రొట్టె, పచ్చి ఉల్లిపాయ తిన్నాడు. పొడుగు కాళ్లు అలాగే ఉన్నాయి, మిగతా మనిషి మాత్రం వాటి మీద ఆరేసిన చొక్కాలా వేలాడుతున్నాడు. జుట్టు బూట్ల పాలిష్ అంత నల్లగా ఉంది. వెర్లీన్‌కు ఆ జుట్టు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఎవరు వేశారు ఆ రంగు?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది. లే, రేపు ఆ తలతో మా ఊళ్లో స్టేజీ ఎక్కుతావా?"

సెలూన్ గదిలోకి తీసుకెళ్లి, కుర్చీలో వెనక్కి వాల్చి, మెడ బేసిన్ అంచు మీద పెట్టించి నీళ్లు వదిలింది. ఏభై ఏళ్లుగా నిజం ఎవరికి చెప్పాలనుకుందో ఆ మనిషి ఇప్పుడు తల నీళ్లలో పెట్టి, కళ్లు మూసుకుని, పారిపోవడానికి వీలు లేకుండా దొరికాడు.

"డెల్మర్, ఆ రోజు నేను ప్లీజ్ అనలేదు."

"మరేమన్నావు?"

"కీస్ అన్నాను. మా నాన్న ట్రక్ తాళాలు జేబులో వేసుకుని పోయావు."

డెల్మర్ కళ్లు తెరిచాడు. నల్లటి నీళ్లు చెవుల పక్క నుంచి కారిపోతున్నాయి. చొక్కా లోపలికి చెయ్యి పెట్టి గొలుసు బయటికి లాగాడు. దానికి రెండు తాళంచెవులున్నాయి. అరిగి మెరుస్తున్నాయి.

"నువ్వే వేశావనుకున్నాను. గుర్తుగా."

"గుర్తుకైతే రుమాలు ఇస్తారు. ట్రక్ తాళాలు ఎవరైనా ఇస్తారా? ట్రక్ ఇంటికి చేరేసరికి ఆయన షిఫ్టు పోయింది. నెల రోజులు నా మొహం చూడలేదు."

"ఏడ్చావు కదా. నేను చూశాను."

"కంకర గుచ్చుకుంది. చెప్పుల్లేవు మరి."

అతను మళ్లీ కళ్లు మూసుకున్నాడు. వెర్లీన్ తల రుద్దుతోంది. అసలు నన్ను ప్రేమించనే లేదా అని అడిగాడు. ఆమె అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం ఆలోచించింది. అబద్ధం ఇప్పటికే ఇంతమంది పాడారు, తను కూడా దేనికి అనిపించింది.

"ప్రేమించాను. ఒక ఏడాది. నువ్వు భలే నవ్వించేవాడివి. కానీ నువ్వు బస్సెక్కితే నాకు దిగులెయ్యలేదు డెల్మరూ, ఆకలేసింది. ఇంటికెళ్లి తినాలనిపించింది."

"ముగ్గురు పెళ్లాలు," అన్నాడు డెల్మర్ సీలింగ్‌తో. "ముగ్గురితోనూ తెగిపోయింది. నేను ఇల్లు వదిలినప్పుడు ఒక్కత్తీ గుమ్మం దాకా రాలేదు. పోనీలే, ఒకత్తి పరిగెత్తింది కదా అనుకుంటూ బతికాను."

వెర్లీన్ నీళ్లు కట్టేసింది. పొడి తువ్వాలు తెచ్చి అతని తల చుట్టి, రెండు చేతులతో కాసేపు గట్టిగా పట్టుకుంది.

"పరిగెత్తాను," అంది. "అది నిజమే. నా జన్మలో ఇంకెవరి వెనకా అంత పరిగెత్తలేదు. హోబర్ట్ కోసమైతే లేచి నిలబడను కూడా లేదు, వాడే వచ్చాడు."

తువ్వాలు లోపల నుంచి ఏదో చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నాడనుకుంది. తీసి చూస్తే నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. ట్రక్ ఏమైందని అడిగాడు. ఎప్పుడో తుక్కు కింద పోయిందని చెప్పింది. తాళాలు తీసుకోమన్నాడు. నాకెందుకు, మెడలో బాగానే ఉన్నాయి ఉంచుకో అంది. మిగిలిన నలుపంతా కత్తిరించేసింది. కింద నుంచి దూదిలాంటి తెల్ల జుట్టు బయటపడింది, మనిషికి మొహం వచ్చింది.

మర్నాడు పండుగకు జనం బాగా వచ్చారు. బాస్కెట్‌బాల్ అమ్మాయికి బస్సు వెనక ఎలా పరిగెత్తాలో సరిగ్గా చెప్పలేదో ఏమో, బస్సును దాటిపోయి ముందుకు వెళ్లి నిలబడింది. డెల్మర్ స్టేజీ ఎక్కి, పాడే ముందు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ రోజు వెర్లీన్ నన్ను ఆపలేదు, తాళాలు అడిగింది అన్నాడు. జనం విరగబడి నవ్వారు. ముసలాయన మంచి సరసుడు అనుకున్నారు. అతను పాట అందుకుని, ప్లీజ్ ఉన్న చోటల్లా కీస్ అని పాడాడు. జనం నవ్వు ఆపుకుని, పాపం వయసు మీద పడి మర్చిపోతున్నాడని, ప్రతిసారీ అతనికి అందించడానికి గొంతెత్తి ప్లీజ్ అని అరిచారు. మూడోసారికి అతనొక్కడి గొంతు ఎవరికీ వినబడలేదు. డెల్మర్ వెర్లీన్ వైపు చూసి భుజాలెగరేసి, వాళ్లతో పాటు ప్లీజ్ అనేశాడు. ముందు వరుసలో హోబర్ట్ కూడా ప్లీజ్ అనే పాడుతున్నాడు. వెర్లీన్ అతని డొక్కలో మోచేత్తో పొడిచింది. అతను ఆపలేదు.

పండుగ అయ్యాక డెల్మర్ తిరిగి వెళ్లలేదు. ఎక్కడికి వెళ్లాలో తేలక రెండు రోజులు ఆగాడు, తర్వాత వాగు అవతల వాళ్ల మేనకోడలి స్థలంలో ఖాళీగా ఉన్న, చక్రాల మీది ట్రైలర్ ఇంట్లో దిగాడు. ఆదివారం చర్చి కాగానే టకెట్ల ఇంట్లో భోజనానికి కూర్చునేవాడు, రొట్టె ఎండిపోయిందని వంక పెట్టి ఇంకో ముక్క వేసుకునేవాడు. వెర్లీన్ అతన్ని తిట్టేది. హోబర్ట్, డెల్మర్ కలిసి చేపలకు వెళ్లడం మొదలుపెట్టారు. హోబర్ట్ మాట్లాడడు, డెల్మర్ ఆపడు కనుక ఇద్దరికీ బాగా కుదిరింది. చేపలు మాత్రం పడేవి కావు.

ఒకరోజు ఒడ్డున కూర్చుని డెల్మర్, కొత్త పాట మొదలుపెట్టానన్నాడు. దేని మీద అని హోబర్ట్ అడిగాడు. నీ మీదే అన్నాడు డెల్మర్. హోబర్ట్ గాలం పైకి తీసేశాడు.

"నేనేం చేశానని?" అన్నాడు.

ఇంటికొచ్చి వెర్లీన్‌కు కూడా అదే చెప్పాడు, భోజనం ముందు పెట్టుకుని తినకుండా. ఆ తర్వాత చాలా రోజులు డెల్మర్ ఎదుట ఉప్పు అందించమని అడగాలన్నా, పాటలో అది ఏమై తేలుతుందోనని భయపడి, చెయ్యి చాచి తనే అందుకునేవాడు.